డెబొరా జిన్ ప్రభావం: సైటేషన్ అంకెల్లో దేన్ని నమ్మాలి?

నీలిగీత

శీతల పరమాణువుల మీద అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త డెబొరా జిన్ చేసిన పని గురించి తెలుగులో ఒక పెద్ద వ్యాసం సిద్ధమవుతోంది. జీవిత వివరాలకు ఇబ్బంది లేదు. 1968లో పుట్టారు. 1990లో ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, 1995లో షికాగోలో పీహెచ్‌డీ, అదే ఏడు కొలరాడోలోని బౌల్డర్‌లో జిలా సంస్థలో కార్నెల్, వీమన్‌ల దగ్గర పోస్ట్‌డాక్, 1997 నుంచి అక్కడే సొంత గ్రూపు. 2016 సెప్టెంబర్ 15న 47 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు.

బండి ఆగింది "ప్రభావం" అన్న పేరా దగ్గర. ఆమె పత్రాల సైటేషన్లకు, అంటే వేరే పత్రాలు వాటిని ఉల్లేఖించిన సార్లకు, గూగుల్ స్కాలర్ ఒక మొత్తం చూపిస్తుంది, వెబ్ ఆఫ్ సైన్స్ అంతకు తక్కువ, ఏడీఎస్ మరొకటి. హెచ్-ఇండెక్స్ (కనీసం n సైటేషన్లున్న పత్రాలు n ఉంటే, అలాంటి అతిపెద్ద n) కూడా మూడు చోట్లా మూడు రకాలు. ఏది రాస్తే తప్పు కాదు?

ఇంకో సంగతి. 1999లో తొలి డీజెనరేట్ ఫెర్మి వాయువు (అట్టడుగు శక్తి స్థాయిలు నిండేంతగా చల్లబరిచిన ఫెర్మియాన్ పరమాణువుల వాయువు) చేసి చూపించిన పత్రం కంటే, అదే రంగం మీద 2008లో, 2010లో వేరేవాళ్లు రాసిన సమీక్షా వ్యాసాలకు సైటేషన్లు చాలా ఎక్కువ. పాఠకుడికి దీన్ని ఎలా విడమరిచి చెప్పాలి?

గ్రంథాలయం_మేడమీద

మూడూ తప్పు కాదు. మూడూ వేర్వేరు కుప్పల్ని లెక్కపెడుతున్నాయి, అంతే. వెబ్ ఆఫ్ సైన్స్ తను ఎంచుకున్న పత్రికల వెనక ఉన్న రిఫరెన్సుల్ని చూస్తుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (పత్రికలో అచ్చుకు ముందే వెబ్‌లో పెట్టిన ప్రతులు), పుస్తకాలు, యూనివర్సిటీ సర్వర్లలో ఉన్న పీడీఎఫ్‌లు, దొరికినదల్లా ఏరుకొస్తుంది. ఈ రంగంలో ఆ తేడా బాగా కనిపిస్తుంది. చాలా ల్యాబులు తమ విద్యార్థుల థీసిస్‌లన్నీ వెబ్‌లో పెడతాయి, ఒక్కో థీసిస్ వెనక వందకు పైగా రిఫరెన్సులు ఉంటాయి. ఏడీఎస్ నాసా నిధులతో నడిచే ఉచిత డేటాబేస్. ఖగోళశాస్త్రం కోసం పుట్టినా ఫిజికల్ రివ్యూ పత్రికలు, ప్రీప్రింట్లుండే ఆర్కైవ్ రెండూ అందులో ఉన్నాయి.

ఏ అంకె వేసినా పక్కనే డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి. ఆ రెండూ లేని అంకెని ఎవరూ మళ్లీ సరిచూడలేరు.

తెనాలి_తర్కం

అసలు అంకె ఎందుకు వెయ్యాలి? మొదటిసారి ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది రాస్తే చాలదా?

లెక్కలమాస్టారు

చాలదు తర్కం గారూ. "గొప్ప ప్రభావం చూపింది" అని ఎవరి గురించైనా రాసేయొచ్చు. అంకె ఉంటే కనీసం సరిచూసుకునే వీలుంటుంది. కాకపోతే హెచ్-ఇండెక్స్ ఈ పనికి పనికిరాదు. ఎందుకో చూడండి.

ఒకరి పత్రాలకు సైటేషన్లు ఇలా ఉన్నాయనుకోండి: 120, 80, 45, 30, 12, 6, 5. ఆరో పత్రానికి 6 ఉన్నాయి, ఏడోదానికి ఏడు లేవు. కాబట్టి హెచ్ 6. ఇప్పుడు మొదటి పత్రం 120 నుంచి 4000కి పెరిగిందనుకుందాం. హెచ్ ఎంత? అదే 6. కదలదు. 2005లో హిర్ష్ ఈ కొలత ప్రతిపాదించినప్పుడే ఉద్దేశం అది: ఒక్క పత్రం వల్ల మొత్తం కొట్టుకుపోకూడదని, నిలకడ కనిపించాలని. కానీ ఒక్కో ప్రయోగంతో కొత్త తలుపు తెరిచిన మనిషిని ఆ కొలబద్దతో చూస్తే, ఆ తలుపులే లెక్కలోకి రావు.

పైగా హెచ్ ఎప్పటికీ పత్రాల సంఖ్యని దాటదు. 47 ఏళ్లకే ఆగిపోయిన జీవితాన్ని 75 ఏళ్ల వయసు దాకా రాసినవారి పక్కన పెడితే ఏం తెలుస్తుంది? పోయిన తర్వాత కూడా హెచ్ కొంత పెరుగుతుంది, పాత పత్రాలకు సైటేషన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి. అయితే కొత్త పత్రాలు చేరవు.

ఫెర్మి_ఉపరితలం

1999 పత్రం దగ్గర కాస్త ఆగాలి. అందులో ఏముందో తెలియకుండా దాని సైటేషన్లు లెక్కపెట్టి లాభం లేదు.

1995లో రుబీడియంతో బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్ (పరమాణువులు ఒకే అట్టడుగు స్థితిలో చేరిన వాయువు) వచ్చింది. ఆ రుబీడియం పరమాణువు బోసాన్, అంటే ఒకే స్థితిలో ఎన్నైనా ఉండొచ్చు. పరమాణువులు ఒకదానికొకటి ఢీకొంటూ వేడివాటిని బయటికి తోసేస్తుంటే మిగిలినవి చల్లబడతాయి, దాన్నే ఆవిరి శీతలీకరణ అంటాం. ఒక స్థితిలో ఒక్కటే ఉండగల ఫెర్మియాన్ల దగ్గర ఈ ఉపాయం పారదు. ఒకే స్పిన్ స్థితిలో ఉన్న రెండు ఫెర్మియాన్లు తక్కువ ఉష్ణోగ్రతలో ఎస్-వేవ్ పద్ధతిలో (కోణీయ ద్రవ్యవేగం లేకుండా) ఢీకొనడానికి పౌలీ సూత్రం ఒప్పుకోదు. మిగిలేది కోణీయ ద్రవ్యవేగంతో ఢీకొనే పీ-వేవ్, అదేమో చల్లబడేకొద్దీ వేగంగా పడిపోతుంది. ఢీకొనకపోతే ఉష్ణ సమతౌల్యం రాదు, అది లేకపోతే చల్లబడటం ఆగిపోతుంది.

జిన్, ఆమె విద్యార్థి బ్రయన్ డిమార్కో చేసింది ఇది. పొటాషియం-40 పరమాణువుల్ని రెండు స్పిన్ స్థితుల్లో కలిపి అయస్కాంత ఉచ్చులో పెట్టారు. వేర్వేరు స్థితుల్లో ఉన్నవి ఢీకొనవచ్చు. రెండింటిలోనూ వేడివాటిని మైక్రోవేవ్ తరంగంతో తీసేస్తూ పోయారు. ఒక స్థితి ముందే ఖాళీ అయిపోతే రెండోదానికి జోడీ ఉండదు, మొత్తం ఆగిపోతుంది. అందుకే రెండింటినీ సరితూకంగా తగ్గించుకుంటూ రావాలి.

చివరికి 7 లక్షల పరమాణువులు ఫెర్మి ఉష్ణోగ్రతలో (స్థాయిలు నిండటం మొదలయ్యే ఉష్ణోగ్రత) సగానికి చేరాయి. అట్టడుగు శక్తి స్థాయిలు దాదాపు 60 శాతం నిండాయి. ఇక్కడ నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఒకటుంది. స్థాయిలు నిండిపోయేసరికి ఢీకొన్న పరమాణువుకి వెళ్లి కూర్చోడానికి ఖాళీ ఉండదు, శీతలీకరణ మొండికేస్తుంది. ఆ మొండికేయడాన్నే వాళ్లు డీజెనరసీకి సాక్ష్యంగా చూపించారు.

పరమాణు_పిచ్చి

పైదానికి ఒక చేర్పు. సహజ పొటాషియంలో పొటాషియం-40 వాటా 0.0117 శాతం. పదివేలలో ఒకటి. మామూలు పొటాషియం గొట్టం పెట్టుకుంటే ఉచ్చులో పడేవి చాలవు. ఆ వాటా పెంచిన పొటాషియం క్లోరైడ్‌ని కాల్షియంతో చర్య జరిపించి, ఆవిరినిచ్చే మూలాన్ని సొంతంగా తయారుచేసుకున్నారు. దాని మీద వేరే పత్రమే ఉంది, 1999లో, రివ్యూ ఆఫ్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో. పొటాషియం-40తో ల్యాబ్ పెట్టేవాడికి అది వంటపుస్తకం లాంటిది. సైటేషన్లలో మాత్రం పెద్ద పత్రాల ముందు ఆనదు. పరికరాల పత్రాలకు ఎక్కడైనా ఇదే గతి: చదివి, వాడి, చివర రిఫరెన్సుల్లో మరిచిపోతారు.

నీలిగీత

ఇది బాగా ఉపయోగపడుతుంది ఫెర్మి గారూ. మరి సమీక్షా వ్యాసాల సంగతి?

ఫెర్మి_ఉపరితలం

ఈ రంగంలో పత్రం రాసేవాళ్లు మొదటి పేరాలో ఏం చేస్తారో చూడండి. "అతిశీతల ఫెర్మి వాయువులు బహుకణ భౌతికానికి మంచి వేదిక" అని ఒక వాక్యం రాసి, పక్కన బ్లాక్, డాలిబార్డ్, స్వెర్గర్ 2008 సమీక్షని పెడతారు. ఫెష్‌బాక్ రెజొనెన్స్ (అయస్కాంత క్షేత్రంతో పరమాణువుల మధ్య ఆకర్షణ, వికర్షణల్ని మార్చే వీలు) అన్న మాట రాగానే చిన్, గ్రిమ్, జూలియన్, టీసింగా 2010 సమీక్ష. రెండూ రివ్యూస్ ఆఫ్ మోడర్న్ ఫిజిక్స్‌లో వచ్చినవే.  పది మూల పత్రాలు ఉల్లేఖించే బదులు ఒక్క సమీక్ష పెడితే పని తేలికవుతుంది. అలా 2008 తర్వాత మూల పత్రాలకు రావలసినవి సమీక్షలకు వెళ్లిపోతాయి.

కాబట్టి ఏడాదివారీ గ్రాఫ్ తీసేటప్పుడు 2008 దగ్గర ఒక నిలువు గీత గీయండి. దానికి ముందు, తర్వాత వంపుల్ని ఒకే కళ్లతో చూడకూడదు.

తెనాలి_తర్కం

అదే నేనన్నది. అంకె తేలాలంటే ఇన్ని వివరణలు కావాలి. పాఠకుడికి అంకె మిగులుతుంది, వివరణ మిగలదు.

లెక్కలమాస్టారు

అయితే వివరణతో కలిపే అంకె రాయాలి. వదిలేయడం జవాబు కాదు. 1999 పత్రానికి ఇద్దరే రచయితలు, 2004 కండెన్సేట్ పత్రానికి ముగ్గురే: రీగల్, గ్రైనర్, జిన్. ఇవీ అంకెలే, పైగా బలంగా మాట్లాడే అంకెలు. 2016లో గురుత్వ తరంగాల పత్రానికి వెయ్యి మందికి పైగా రచయితలు. రెండింటికీ ఒక్కో సైటేషన్ వస్తే ఒక్కో మనిషి ఖాతాలో పడేది ఒకటే అని డేటాబేస్ అంటుంది. రచయితల సంఖ్యతో భాగించి చూడండి, బొమ్మ మారిపోతుంది.

కణం_కబుర్లు

పేర్ల గొడవ ఎవరూ ఎత్తలేదు. ఈ విషయంలో ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ దొరకదు.

1999లో సైన్స్ పత్రిక. తొలి డీజెనరేట్ ఫెర్మి పరమాణు వాయువు. చోటు జిలా. మొదటి రచయిత డిమార్కో.
2019లో అదే సైన్స్ పత్రిక. ధ్రువ అణువులతో (ఒక చివర ధన, మరో చివర రుణ ఆవేశం ఎక్కువున్నవి) డీజెనరేట్ ఫెర్మి వాయువు. చోటు జిలా. మొదటి రచయిత డి మార్కో.

ఇద్దరూ వేరు. మొదటివారు బ్రయన్, జిన్ విద్యార్థి. రెండోవారు లుయీజీ, జిలాలోనే ఉన్న జున్ యె గ్రూపు. ఒకరి పేరు కలిపి, ఇంకొకరి పేరు విడగొట్టి రాస్తారు. ఇంటిపేరు, సంస్థ, పత్రిక, విషయం నాలుగూ కలిశాక పాపం యంత్రం మాత్రం ఏం చేస్తుంది!

గ్రంథాలయం_మేడమీద

కణం గారి ఉదాహరణ అచ్చు గుద్దినట్టుంది. జిన్ పేరుతో ఇంకా కష్టం. "జిన్ డి" అని వెతికితే చైనా, కొరియా రచయితలు వరదలా వస్తారు. "జిన్ డి ఎస్" అని మధ్య అక్షరం పెడితే చాలామటుకు వడకట్టుకుపోతుంది, అయినా కొందరు మిగులుతారు. మధ్య అక్షరం లేకుండా రికార్డైన ఆమె సొంత పత్రాలు అప్పుడు జారిపోతాయి. రెండు వైపులా సరిచూడాలి.

బతికున్న రచయితలకైతే ఆర్కిడ్ అనే రచయిత గుర్తింపు ఉంది. 2012లో మొదలైంది, 16 అంకెల సంఖ్య. పోయినవారి రికార్డుని సరిచేసుకునేవారు లేరు కనుక మన చేత్తో మనమే ఏరాలి.

సముద్రపుహోరు

తెలుగు విద్యార్థులకు ఇది నేరుగా తగిలే విషయం. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరాల్లో, మూడోదాంట్లో "రావు" లేదా "రెడ్డి"నే ఇంటిపేరుగా వేస్తే, డేటాబేస్ ఒక్క మనిషిని ముగ్గురు చేస్తుంది. లేదా ముగ్గురు రావుల్ని ఒక్కరిని చేస్తుంది. మొదటి పత్రం పంపేటప్పుడే ఒక రూపం ఖాయం చేసుకుని, పాస్‌పోర్టుతో సంబంధం లేకుండా దాన్నే చివరిదాకా వాడాలి. ఆర్కిడ్ ఆ రోజే తీసుకోవాలి.

పరమాణు_పిచ్చి

నిజం. స్కోపస్ ఇలా విడిపోయిన ప్రొఫైళ్లని కలపమని అడిగితే కలుపుతుంది, కానీ ఏయే పత్రాలు మనవో మనమే చూపించాలి.

నీలిగీత

2003, 2004 సంగతికి వద్దాం. పత్రాల జాబితాలో 1995 బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్ పత్రం నుంచి మొదలుపెట్టాను. తర్వాత 1999, 2003 అణువుల కండెన్సేట్, 2004 ఫెర్మియానిక్ కండెన్సేట్, 2008 ధ్రువ అణువులు.

ఫెర్మి_ఉపరితలం

ఆగండి, 1995 పత్రంలో జిన్ పేరు లేదు. ఆండర్సన్, ఎన్‌షర్, మాథ్యూస్, వీమన్, కార్నెల్, ఈ ఐదుగురే. కండెన్సేట్ వచ్చింది ఆ ఏడు జూన్ 5న, ఆమె జిలాకి వచ్చింది ఆ తర్వాత. ఆ బృందంలో ఆమె మొదటి రచయితగా ఉన్నది 1996 పత్రం. అందులో కండెన్సేట్‌ని కాస్త కుదిపి, అది ఏ పౌనఃపున్యాల్లో ఊగుతుందో కొలిచారు. అదీ గట్టి పత్రమే. 1995 పత్రాన్ని పొరపాటున కలిపితే మొత్తం సైటేషన్లు వేలల్లో పెరిగిపోతాయి, అది ఆమె ఖాతా కాదు.

నీలిగీత

పెద్ద తప్పు తప్పించారు. తీసేశాను.

చిక్కటి_చీకటి

2003లో ఒక్కరే కాదు, మూడు చోట్ల దాదాపు ఒకేసారి జరిగింది. జిన్ గ్రూపు పొటాషియం-40తో, ఇన్స్‌బ్రుక్‌లో గ్రిమ్ గ్రూపు, ఎంఐటీలో కెటర్లే గ్రూపు లిథియం-6తో. మూడూ ఫెర్మియాన్ల జంటల నుంచి అణువుల కండెన్సేట్ చేశాయి. తర్వాత వచ్చిన పత్రాల్లో ఈ మూడూ ఒకే చదరపు కుండలీకరణంలో వరసగా కనిపిస్తాయి. అలా గుత్తగా వచ్చిన సైటేషన్ ఒక్కోదానికి ఒకటి చొప్పున పడుతుంది. అది "ఈ ముగ్గురూ చేశారు" అన్న గుర్తింపే గాని, ఈ పత్రంలోని పద్ధతిని వాడుకున్నాం అని కాదు.

2004 పత్రం వేరు. అందులో ఒక పద్ధతి ఉంది. దాన్ని వాడుకున్నవాళ్లు విడిగా ఉల్లేఖిస్తారు.

తెనాలి_తర్కం

ఏ పద్ధతి?

చిక్కటి_చీకటి

పొటాషియం-40లో 202.1 గాస్ దగ్గర ఒక ఫెష్‌బాక్ రెజొనెన్స్ ఉంది, వెడల్పు 7.8 గాస్. అయస్కాంత క్షేత్రాన్ని దానికి అటూ ఇటూ జరిపితే పరమాణువుల మధ్య ఆకర్షణ, వికర్షణ మన చేతిలో ఉంటాయి. తక్కువ క్షేత్రం వైపు నిజమైన అణువులు నిలుస్తాయి. ఎక్కువ వైపు రెండే పరమాణువులైతే అతుక్కుని ఉండలేవు, మిగిలిన గుంపంతా ఉండబట్టే జంటలు కడతాయి. సూపర్‌కండక్టర్లలో ఎలక్ట్రాన్ జంటల లాంటివి ఇవి.

చిక్కేమిటంటే, ఆ బలహీన జంటల్ని ఫొటో తీయాలంటే వాయువుని వదిలి వ్యాపించనివ్వాలి. వదలగానే గుంపు పలచబడుతుంది, జంటలు విడిపోతాయి, కండెన్సేట్ గుర్తు చెరిగిపోతుంది. అందుకని వాళ్లు క్షేత్రాన్ని చటుక్కున అణువుల వైపుకి జరిపారు. జంటలు అటూ ఇటూ కదిలి కొత్తగా సర్దుకునేంత వ్యవధి లేకుండా, ఉన్న జంటలు ఉన్నట్టే అణువులుగా అతుక్కునేంత వేగంతో. ఆ అణువులు వ్యాపించేటప్పుడు విడిపోవు. వాటి వేగాల పంపిణీలో మధ్యన శిఖరం కనిపిస్తే, జరపక ముందే జంటలు కండెన్సేట్‌లో ఉన్నాయన్నమాట. మెల్లగా జరిపితే మాత్రం చెడిపోతుంది: దారిలోనే కొత్త కండెన్సేట్ పుట్టి ఉండొచ్చన్న అనుమానం మిగులుతుంది.

ఇంకోటి. ఈ రెజొనెన్స్‌కి కావలసిన స్పిన్ స్థితుల్ని అయస్కాంత ఉచ్చు పట్టుకోలేదు. లేజర్ కాంతితో చేసిన ఉచ్చులోకి మార్చాలి. అలా మార్చాకే క్షేత్రాన్ని స్వేచ్ఛగా తిప్పే వీలు దొరికింది.

పరమాణు_పిచ్చి

ఎంఐటీ వాళ్లు అదే ఏడు లిథియంలో ఇదే జరిపే పద్ధతి వాడారు. సైటేషన్‌లో "వాడుకున్నాం" అంటే ఇలాంటిది.

నీలిగీత

దీన్ని "2004లో సూపర్‌ఫ్లూయిడిటీ కనుక్కున్నారు" అని రాయొచ్చా?

చిక్కటి_చీకటి

రాయొద్దు. 2004 పత్రం చూపించింది జంటల కండెన్సేషన్. ఘర్షణ లేకుండా ప్రవహిస్తుందని చూపించడం ఇంకో మెట్టు. 2005లో ఎంఐటీ గ్రూపు వాయువుని తిప్పి, సుడుల జాలకాన్ని ఫొటోలో చూపించింది. సూపర్‌ఫ్లూయిడిటీకి అందరూ ఒప్పుకునే సాక్ష్యం అది.

రాత్రిషిఫ్టు

సైటేషన్లు వెనక్కి కూడా పాకుతాయి, ఇదీ రాయండి. బలహీన జంటల నుంచి గట్టి అణువుల దాకా మధ్యలో తెగకుండా సాగిపోవచ్చని లెగెట్ 1980లో, నోజియేర్, ష్మిట్-రింక్ 1985లో సిద్ధాంతపరంగా చెప్పారు. పొటాషియం, లిథియం ప్రయోగాలు వచ్చాక ఆ పాత పత్రాలకు కొత్త ప్రాణం వచ్చింది. ఒక ప్రయోగం ఇతరుల పాత పత్రాల గ్రాఫ్‌ని లేపడం కూడా ప్రభావమే, కాకపోతే ప్రయోగం చేసినవారి ఖాతాలో ఒక్క అంకె కూడా పడదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ షీనా తాన్. దగ్గరగా వచ్చిన జంటల సాంద్రతని "కాంటాక్ట్" అనే ఒకే రాశితో పట్టుకుని, శక్తి, పీడనం, వేగాల పంపిణీ తోక అన్నీ దానితో ముడిపడి ఉంటాయని 2005లో ఆర్కైవ్‌లో పెట్టారు. పత్రికలో అచ్చయింది 2008లో. జిన్ గ్రూపు 2010లో పొటాషియం-40లో ఆ రాశుల్ని విడివిడిగా కొలిచి, ఒకదానితో ఒకటి సరిపోతున్నాయని చూపింది. 2008 అచ్చు తేదీ నుంచి లెక్కపెట్టేవాడికి, అంతకుముందు మూడేళ్లు ప్రీప్రింట్‌కి వచ్చినవి కనిపించవు. రెండు రికార్డుల్నీ కలిపి చూడాలి.

గ్రంథాలయం_మేడమీద

పత్రికల్లో లేని వాటి సంగతీ అంతే. కెటర్లే, డర్ఫీ, స్టాంపర్-కర్న్ 1999లో వరెన్నా వేసవి పాఠశాల కోసం రాసిన పాఠాలు, కెటర్లే, జ్వియర్‌లైన్ ఫెర్మి వాయువుల మీద రాసిన పాఠాలు ప్రతి ల్యాబ్‌లో చేతికందేచోట ఉంటాయి. వాటిని ఒకరు ఆర్కైవ్ సంఖ్యతో, ఒకరు పాఠశాల సంపుటం పేరుతో, ఒకరు ప్రచురణకర్త పేరుతో ఉల్లేఖిస్తారు. ఒకే రచన, మూడు ముక్కలు. డేనియల్ స్టెక్ రుబీడియం డేటా పత్రం మరీను: లెక్క లేనంత వాడకం, పత్రికలో అచ్చే కాలేదు.

కణం_కబుర్లు

2008 ధ్రువ అణువుల పత్రం సంగతేమిటి? అందులో జిన్, జున్ యె ఇద్దరి పేర్లూ చివర్లో ఉన్నాయి. ఎవరి ఖాతా?

ఫెర్మి_ఉపరితలం

ఇద్దరిదీ. పొటాషియం-40, రుబీడియం-87 కలిసిన ద్విజాతి అణువు. ఫెష్‌బాక్ రెజొనెన్స్‌తో ముందు చాలా బలహీనమైన అణువు కట్టడం జిన్ గ్రూపు నైపుణ్యం. దాన్ని అట్టడుగు కంపన, భ్రమణ స్థాయికి దించడానికి రెండు లేజర్లు కావాలి, వాటి మధ్య దశ చెదరకూడదు, అందుకు ఫ్రీక్వెన్సీ కోంబ్ (కాంతి పౌనఃపున్యాల్ని కచ్చితంగా కొలిచే లేజర్ దువ్వెన) కావాలి. అది యె గ్రూపు నైపుణ్యం. ఆ దించే పద్ధతి పేరు స్టిరాప్. మధ్యలో ఉన్న ఉత్తేజిత స్థాయిలో అణువు నిలవకుండానే ఇటునుంచి అటు దాటిపోతుంది. నిలిస్తే కాంతి వెదజల్లి చెదిరిపోతుంది. చివరికి 350 నానోకెల్విన్ దగ్గర, ఘన సెంటీమీటరుకి లక్ష కోట్ల అణువుల సాంద్రతతో, 0.566 డిబై ద్విధ్రువ భ్రామకంతో వాయువు వచ్చింది.

మొదటి రచయిత కాంగ్-క్వెన్ ని. ఇలాంటి పత్రాన్ని "జిన్‌ది" అనో "యెది" అనో విడదీయడం కుదరదు. సగం సగం అని భాగించినా అబద్ధమే, ఏ సగం లేకపోయినా రెండో సగం జరగదు.

లెక్కలమాస్టారు

అందుకే ఒకే మొత్తం వెయ్యొద్దు అంటాను. మూడు కొండలున్నాయి: 1999, 2003-04, 2008-10. ఏ కొండకాకొండ విడిగా చూపించండి. 2010లో ఆ అణువుల మధ్య రసాయన చర్యని క్వాంటం స్థితుల స్థాయిలో చూసిన పత్రం సైన్స్‌లో వచ్చింది. దాన్ని ఉల్లేఖించేవాళ్లలో రసాయన శాస్త్రజ్ఞులూ ఉంటారు. ఆమె పీహెచ్‌డీ యురేనియం కలిసిన హెవీ ఫెర్మియాన్ సూపర్‌కండక్టర్ల మీద, ఆ పాఠకులు వేరే. ఎవరు ఉల్లేఖిస్తున్నారు అన్నది ఎన్ని అన్నదానికంటే ఎక్కువ చెబుతుంది.

తెనాలి_తర్కం

కొండలు విడిగా చూపించడానికి నాకు అభ్యంతరం లేదు. ఇది ఒప్పుకుంటాను.

నీలిగీత

అయితే పని ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా వరసగా చెప్పండి.

గ్రంథాలయం_మేడమీద

ముందు డేటాబేస్ ముట్టుకోకండి. గ్రూపు ప్రచురణల జాబితా నుంచి పత్రాల పట్టిక రాసుకోండి, ప్రతిదానికీ డీఓఐ (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య). ఆ డీఓఐలతోనే వెతకండి, పేరుతో కాదు. పేర్ల గొడవ అక్కడితో సగం తీరుతుంది.

పట్టిక ఎక్సెల్‌లో పెడితే ఒక ప్రమాదం ఉంది. 2004 పత్రం ఫిజికల్ రివ్యూ లెటర్స్ 92వ సంపుటం, వ్యాస సంఖ్య 040403. ఎక్సెల్ దాన్ని మామూలు అంకె అనుకుని ముందున్న సున్నా మింగేస్తుంది, 40403 మిగులుతుంది. దానితో వెతికితే దొరకదు. ఆ నిలువు వరసని ముందే "టెక్స్ట్"గా మార్చి ఆ తర్వాతే అతికించండి. ఇలా సున్నా రాలిపోయిన రిఫరెన్సులు అచ్చైన పత్రాల్లోనూ దొర్లుతుంటాయి, వాటిని డేటాబేస్ వేరే అనాథ రికార్డుగా ఉంచేస్తుంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో "సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్" వాడితే అలాంటివి బయటపడతాయి.

తర్వాత ఏడీఎస్‌లో పట్టిక ఎక్కించి మెట్రిక్స్ తెరవండి. సొంత సైటేషన్లు ఎన్నో విడిగా చూపిస్తుంది. ప్రయోగశాల గ్రూపుల్లో సొంత సైటేషన్ తప్పు కాదు, అదే యంత్రం మీద తర్వాతి ప్రయోగం చేసినప్పుడు ముందుదాన్ని చెప్పక తప్పదు. అయినా విడిగా వేయండి.

గూగుల్ స్కాలర్‌లో ఏ వెతుకులాటకైనా మొదటి వెయ్యి ఫలితాలే తెరమీదికి వస్తాయి. అంతకు మించి సైటేషన్లున్న పత్రానికి సంవత్సరాలవారీగా ముక్కలు చేసుకుని చూడాలి.

చిక్కటి_చీకటి

దానికి ఒక మెట్టు కలుపుతాను, అసలైన పని అదే. ప్రతి కొండకీ ఇరవై ముప్పై ఉల్లేఖించిన పత్రాలు తీసి, ఆ ఉల్లేఖన వాక్యాన్ని చదవండి. మూడు గుర్తులు పెట్టుకోండి: పరిచయ పేరాలో గుత్తగా వచ్చిందా, పద్ధతి వాడుకున్నారా, ఫలితంతో పోల్చుకున్నారా. పరిచయంలో గుత్తవి ఎక్కువుంటాయి, కంగారు పడొద్దు. పద్ధతి వాడినవి పదే అయినా వాటి పేర్లు రాయండి, పాఠకుడికి అర్థమయ్యేది అదే. ఏరేటప్పుడు పాతవి, కొత్తవి కలిసేలా చూడండి. పేజీలో పైన కనిపించినవే తీసుకుంటే ఎక్కువ సైటేషన్లున్నవే వస్తాయి.

సముద్రపుహోరు

సైటేషన్‌లోకి రానిది ఇంకొకటి ఉంది, మనుషులు. డిమార్కో ఇల్లినాయ్‌లో, సిండీ రీగల్ జిలాలోనే, గ్రైనర్, ని ఇద్దరూ హార్వర్డ్‌లో సొంత గ్రూపులు నడుపుతున్నారు. పరమాణు, అణు, కాంతి భౌతికంలో ఉత్తమ థీసిస్‌కి అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే పురస్కారం ఇప్పుడు డెబొరా జిన్ పేరు మీద ఉంది.

నీలిగీత

పేరా ఇలా తిరగరాశాను, చూడండి:

"1999లో డిమార్కోతో కలిసి ఇద్దరే రాసిన పత్రం ఫెర్మి పరమాణువుల్ని తొలిసారి డీజెనరసీకి చేర్చింది. 2004లో రీగల్, గ్రైనర్‌లతో రాసిన పత్రం ఫెర్మియాన్ జంటల కండెన్సేషన్‌ని చూపించింది, అందులోని జరిపే పద్ధతిని అదే ఏడు లిథియం ప్రయోగాలూ వాడుకున్నాయి. 2008లో జున్ యె గ్రూపుతో కలిసి ఆమె గ్రూపు ధ్రువ అణువుల వాయువుని తెచ్చింది. 2008 తర్వాత ఈ రంగంలో ఉల్లేఖనలు ఎక్కువగా సమీక్షా వ్యాసాలకు మళ్లాయి కాబట్టి, కింది పట్టికలో మూడింటినీ ఏడాదివారీగా, డేటాబేస్ పేరు, చూసిన తేదీలతో విడిగా ఇస్తున్నాం."

హెచ్-ఇండెక్స్ తీసేశాను.

లెక్కలమాస్టారు

బాగుంది. పట్టికలో రచయితల సంఖ్యకి ఒక నిలువు వరస పెట్టండి.

ఫెర్మి_ఉపరితలం

"తొలిసారి డీజెనరసీకి" అన్నచోట "పలచని పరమాణు వాయువులో" అని చేర్చండి. లోహాల్లో ఎలక్ట్రాన్లు, ద్రవ హీలియం-3 అంతకుముందే డీజెనరేట్ ఫెర్మి వ్యవస్థలు.

నీలిగీత

చేర్చాను. పట్టిక పూర్తవగానే ఇక్కడే పెడతాను, 040403లో సున్నా ఉందో లేదో ముందు చూసుకుని.